చేతితో కుట్టిన నోట్‌బుక్: షాపుకు అమ్మాలా, స్టాల్ పెట్టాలా, కంపెనీ ఆర్డర్ పట్టాలా?

హైదరాబాద్‌లో ఇంట్లోనో, అద్దెకు తీసుకున్న ఒక గదిలోనో నోట్‌బుక్‌లు, శుభలేఖలు, కవర్లు చేతితో చేసి అమ్మేవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. పేరు, లోగో ఎలా ఉండాలి? షాపులకు ఎలా ఇవ్వాలి? నేను మాత్రం ముందు రేటు అడుగుతాను. ఈ రోజు స్నేహితులకు, ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగినవాళ్లకు చెప్పే రేటులో షాపువాడి వాటా లేకపోతే, రేపు ఎంత మంచి పేరు పెట్టుకున్నా హోల్‌సేల్ చేయలేరు. బ్రాండ్ గురించిన నిర్ణయాలు సగం ఇక్కడే తేలిపోతాయి.

ఒక పుస్తకం తీసుకుని లెక్క వేద్దాం. ఎ5 సైజు, 160 పేజీలు, ఇకత్ బట్ట అట్ట. అంటే 40 ఎ4 కాగితాలు, నాలుగేసి చొప్పున మడిచిన పది ఫారాలు. ఒక్కో ఫారం మడత మీద గుచ్చి రంధ్రాలు చేయాలి, మైనం పట్టించిన దారంతో కుట్టాలి, వెన్నుకు గుడ్డ అంటించాలి, అట్ట వేసి రాత్రంతా బరువు కింద ఉంచాలి. కాగితం 45 రూపాయలు, అట్ట, బట్ట 35, దారం, జిగురు, లేబుల్ 15, మీ చేతి కూలి 75, పాడైనవి, కరెంటు, రవాణా 20 అనుకోండి. మొత్తం 190. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. మీ గదిలో మీ అంకెలు వేరుగా ఉంటాయి. కూలి గడి మాత్రం ఖాళీగా వదలకండి. కుట్టేది మీరే అయినా, మీ అమ్మగారైనా, ఆ 75 రాయాల్సిందే.

ఇప్పుడు మీరు “నూటపది లాభం చాలు” అనుకుని 300కు అమ్మడం మొదలుపెట్టారు. బాగానే అమ్ముడవుతోంది. ఆరు నెలలకు జూబ్లీహిల్స్‌లో ఒక షాపు ఆసక్తి చూపిస్తుంది. గిఫ్ట్ షాపులు, బొటిక్‌లు ఎమ్మార్పీ మీద నలభై, నలభై అయిదు శాతం మార్జిన్ అడగడం మామూలే. 45 శాతం ఇస్తే మీ చేతికొచ్చేది 165. పుస్తకం మీద పాతిక రూపాయలు నష్టం. రేటు పెంచుదామంటే పాత కస్టమర్లకు 300 గుర్తుంటుంది. అదే మొదటి రోజు నుంచి ఎమ్మార్పీ 500 ఉంటే షాపుకు 275కు ఇచ్చినా 85 మిగులుతుంది. నేరుగా అమ్మినప్పుడు మిగిలే ఎక్కువ డబ్బు స్టాల్ అద్దెకు, కొరియర్‌కు, మీరు నిలబడిన సమయానికి పోతుంది. 500 పెడితే ఎవరూ కొనడం లేదంటే, ఆ పుస్తకం హోల్‌సేల్‌కు పనికిరాదని ముందే తెలిసినట్టు. అప్పుడు డిజైన్ మార్చాలి, కూలి కోయకూడదు.

ఒక రేటు వేశాక అన్నిచోట్లా అదే ఉండాలి. షాపులో 500, మీ ఇన్‌స్టాలో 380 ఉంటే షాపువాళ్లకు అది తెలిసిన రోజే రెండో ఆర్డర్ ఆగిపోతుంది. పండగకు పదిశాతం తగ్గించాలనుకుంటే ముందు షాపువాళ్లకు చెప్పి, వాళ్లకూ ఆ వెసులుబాటు ఇవ్వండి.

స్టాల్, నేరుగా అమ్మకం

మొదటి ఏడాది స్టాల్ పెట్టమంటాను, డబ్బు కోసం కాదు, మనుషుల చేతులు చూడడానికి. పుస్తకం తీసుకున్న మనిషి ముందు ఏం చేస్తున్నారో గమనించండి. చాలామంది మధ్యకు తెరిచి బల్ల మీద పెడతారు. అది పరుచుకుని నిలబడితే మొహంలో తేడా కనిపిస్తుంది, మూసుకుపోతే కింద పెట్టేస్తారు. ఫౌంటెన్ పెన్నువాళ్లు సిరా పాకుతుందా అని అడుగుతారు. చేతితో చేసిన నూలుగుడ్డ కాగితంలో గంజి తక్కువైతే సిరా వేళ్లూనినట్టు పాకుతుంది. అందుకే ప్రతి లాట్ నుంచి ఒక కాగితం మీద పెన్నుతో రాసి స్టాల్‌లో పెట్టడం మంచిది. పొగడ్తల కంటే ఆ ఒక్క కాగితం ఎక్కువ అమ్ముతుంది.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ఎంపిక. నుమాయిష్ పేరు వినగానే మనసు లాగుతుంది. 1938లో మొదలైన ఎగ్జిబిషన్, నాంపల్లి మైదానంలో ఏటా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. జనం విరగబడతారు. అయినా ఇద్దరు ముగ్గురే పనిచేసే స్టేషనరీ యూనిట్‌కు అది సరిపోదని నా అభిప్రాయం. అన్ని రోజులూ సాయంత్రం నుంచి రాత్రి దాకా ఒక మనిషి కూర్చోవాలి, ఆ మనిషే మీ కుట్టుపని చేసే మనిషి. పైగా అక్కడికి వచ్చేవాళ్లు బేరమాడే ఉత్సాహంతో వస్తారు, 500 రూపాయల నోట్‌బుక్ కోసం కాదు. దాని బదులు బంజారాహిల్స్‌లో లామకాన్ సాంస్కృతిక కేంద్రం లాంటి చోట్ల జరిగే చిన్న సంతలు, మాదాపూర్ శిల్పారామం మేళాలు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌ల్లో వారాంతపు ఎగ్జిబిషన్లు చూసుకోండి. ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది, సోమవారం మళ్లీ కుట్టుకోవచ్చు.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది ఇప్పటికే మీరు చేస్తున్నదే. ఒక్క విషయం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే ఏడాది టర్నోవర్ పరిమితి ఆంధ్రలో వస్తువులకు 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. విజయవాడలో ఉన్న స్నేహితురాలు చెప్పిన లెక్క ఇక్కడ పనిచేయదు. పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే మామూలుగా టర్నోవర్‌తో సంబంధం లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి, ప్రభుత్వం నోటిఫై చేసిన కొన్ని హస్తకళా వస్తువులకు మాత్రం మినహాయింపు ఉంది.

షాపు: కొనుగోలా, కన్‌సైన్‌మెంటా?

అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడ. షాపువాళ్లు సరుకు డబ్బిచ్చి కొనడం ఒక పద్ధతి. షాపులో పెట్టుకుని, అమ్ముడయ్యాక తమ వాటా పట్టుకుని మిగతాది ఇవ్వడం ఇంకోటి, దీన్నే కన్‌సైన్‌మెంట్ అంటారు. కన్‌సైన్‌మెంట్‌లో మార్జిన్ కాస్త తక్కువ అడుగుతారు కాబట్టి కాగితం మీద అది లాభంగా కనిపిస్తుంది. చాలామంది కొత్తవాళ్లు దానికే ఒప్పుకుంటారు. నేను మాత్రం కాగితం సరుకుకు కన్‌సైన్‌మెంట్ వద్దంటాను.

కారణం సరుకు స్వభావమే. కిటికీ దగ్గర పెట్టిన పుస్తకం అట్ట రెండు మూడు నెలల్లో ఒకవైపు వెలిసిపోతుంది. వానాకాలంలో తేమకు అట్ట వంగుతుంది. మైదా లైలో మైలతుత్తం సరిగా కలపకపోతే పురుగు పడుతుంది. డబ్బు పెట్టి కొన్న షాపువాళ్లు ఆ పుస్తకాన్ని ముందు వరుసలో పెడతారు, దుమ్ము దులుపుతారు, కస్టమర్‌కు తీసి చూపిస్తారు. డబ్బు పెట్టనివాళ్లకు అది షెల్ఫు నింపే సామాను. ఆరు నెలల తర్వాత తిరిగొచ్చే పుస్తకం మీద ధర స్టిక్కర్ ఉంటుంది. దాన్ని లాగితే చేతికాగితం పై పొర నారతో సహా ఊడొస్తుంది. ఇక దాన్ని ఎవరికి అమ్ముతాం?

డబ్బు విషయంలోనూ తేడా ఉంది. చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న తయారీదారు దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఉద్యమ్ నమోదు ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లోనే అయిపోతుంది. షాపుతో గొడవ పెట్టుకోమని కాదు. బిల్లు కింద ఉద్యమ్ నంబరు, “చెల్లింపు గడువు 30 రోజులు” అని అచ్చు వేసి ఉంటే అడగడానికి మొహమాటం ఉండదు. కన్‌సైన్‌మెంట్‌లో అమ్మకమే జరగలేదంటారు, కాబట్టి గడువు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో తేల్చడమే కష్టం.

కన్‌సైన్‌మెంట్‌కు ఒప్పుకునే సందర్భం ఒకటుంది. కొత్త ఊళ్లో, లేదా మీ సరుకుకు సరిగ్గా సరిపోయే పుస్తకాల షాపులో, ఒక్క సీజన్‌కు, తక్కువ పీసులతో. సరుకు జాబితా మీద ఇద్దరి సంతకాలు, పాడైతే షాపు బాధ్యత అని ఒక వాక్యం, లెక్క చూసే తేదీ. ఈ మూడూ కాగితం మీద లేకపోతే వద్దు.

ఏ షాపు అన్నదీ చూసుకోవాలి. బేగంబజార్, కోఠి స్టేషనరీ హోల్‌సేల్ వీధులు మనకు సరుకు కొనే చోట్లు, అమ్మే చోట్లు కావు. అక్కడ పుస్తకం డజన్లలో, రూపాయల తేడాతో పోటీపడుతుంది. చేతికుట్టు ఆ వరసలో నిలబడలేదు, నిలబడాల్సిన అవసరమూ లేదు. చేనేత బట్టలమ్మే షాపులు, బొమ్మల షాపులు, కాఫీ షాపుల్లో చిన్న గిఫ్ట్ మూలలు, పెన్నుల దుకాణాలు చూడండి. కొత్తగా ఒక షాపు మాట్లాడేముందు వెళ్లి ఒక వస్తువు కొని, అరగంట అక్కడ గడపండి. వచ్చినవాళ్లు ఎంత రేటు వస్తువు చేతిలోకి తీసుకుంటున్నారో కనిపిస్తుంది.

హోల్‌సేల్‌కు నోట్‌బుక్ కన్నా కవరు మేలు

చాలామంది తమకు ఇష్టమైన నోట్‌బుక్‌తోనే షాపుకు వెళ్తారు. నన్నడిగితే మొదటి హోల్‌సేల్ సరుకు చదివింపుల కవర్లు. మన పెళ్లిళ్లలో 116, 516, 1116 చదివించే అలవాటు ఉన్నంత కాలం ఆ కవరు అవసరం పోదు. నోట్‌బుక్ కొన్న మనిషి అది నిండేదాకా మళ్లీ రారు. కవర్లు అయిదో పదో ఉన్న ప్యాకెట్ ఒక్క ముహూర్తాల వారంలో అయిపోతుంది. షాపువాళ్లకు కావాల్సింది అదే, మళ్లీ మళ్లీ వచ్చే కస్టమర్. చేసేవాళ్లకూ సుఖం: కుట్టు లేదు, బరువు కింద ఉంచే పని లేదు, నోట్‌బుక్‌ల నుంచి మిగిలిన కాగితం ముక్కలు, ఇకత్ అంచులు ఇక్కడ పనికొస్తాయి. రూపాయి బిళ్ల అతికించే చోట మాత్రం జాగ్రత్త. బిళ్ల బరువుకు పల్చటి కాగితం చినుగుతుంది, లోపల చిన్న పట్టీ వేయండి.

క్యాలెండర్ చూసి సరుకు చేయండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఆ నెల తయారీకి వాడుకుంటే శ్రావణానికి షాపులో ఉంటాయి. వరలక్ష్మీ వ్రతం, బతుకమ్మ రిటర్న్ గిఫ్టులకు చిన్న జేబు పుస్తకాలు అడుగుతారు. శుభలేఖలు మాత్రం హోల్‌సేల్‌లో పెట్టకండి. ప్రతి ఇంటికీ పేర్లు, వరసలు, ముహూర్తం మారతాయి, ప్రూఫు చూపించడమే ఒక పని. అవి నేరుగా తీసుకునే ఆర్డర్లు. ఒక సలహా: నమూనా కార్డు మూలకు పసుపు రాసి చూపించండి. నున్నటి ఆర్ట్ పేపర్ మీద జారిపోయే పసుపు చేతికాగితంలోకి ఇంకి నిలుస్తుంది. పెళ్లికూతురి తల్లి ఆ ఒక్కటి చూసి ఒప్పుకోవడం నేను చూశాను.

కంపెనీ ఆర్డర్

హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీలు దీపావళికి, కొత్త సంవత్సరానికి గిఫ్టులు ఇస్తాయి. ఒక్కసారి మూడువందల పుస్తకాలంటే గుండె ఆగినంత సంతోషం. ఆర్డర్ మంచిదే, కాకపోతే రెండు విషయాలు ముందు చూసుకోవాలి. ఒకటి, మీ గది రోజుకు ఎన్ని పుస్తకాలు చేయగలదు. ఇద్దరు రోజుకు పన్నెండు చేస్తే మూడువందలకు 25 పనిరోజులు. ఆ నెలంతా షాపులకు సరుకు ఉండదు. దీపావళి సీజన్‌లో షెల్ఫు ఖాళీగా ఉంటే షాపువాళ్లు వేరేవాళ్ల సరుకు పెట్టుకుంటారు. రెండోది, డబ్బు. నమూనా మీద సంతకం, సగం అడ్వాన్సు, ఈ రెండూ లేకుండా బట్ట కొనకండి.

ఇక్కడే బ్రాండ్ ప్రశ్న వస్తుంది. అట్ట మీద వాళ్ల లోగో ఉంటుంది, అది న్యాయమే. చివరి పేజీ కింద మీ పేరు చిన్నగా ఉండాలని అడగండి, చాలావరకు ఒప్పుకుంటారు. అసలు పేరే వద్దంటే రేటు వేరుగా చెప్పండి. మీ పేరు లేని పుస్తకం మీకు రేపు ఒక్క కస్టమర్‌నూ తేదు, ఆ లోటు ఈ బిల్లులోనే కనిపించాలి. ఏడాది పనిలో మూడో వంతు దాటి పేరులేని పని ఒప్పుకోవద్దని నా సలహా. దాటితే మీరు బైండింగ్ కాంట్రాక్టు చేస్తున్నట్టు. అదీ గౌరవమైన పనే, కానీ మీరు మొదలుపెట్టింది అది కాదు.

పేరు, లేబుల్, రిజిస్ట్రేషన్

పేరుకు మూడు దారులున్నాయి. మీ సొంత పేరు, సరుకును చెప్పే పేరు, ఏ అర్థానికీ కట్టుబడని కొత్త పేరు. సరుకును చెప్పే పేరు, అంటే కాగితం, పుస్తకం, చేతిపని అని మాత్రమే చెప్పేది, వినగానే అర్థమవుతుంది కానీ ట్రేడ్‌మార్క్ దగ్గర ఆగిపోతుంది. సరుకును వర్ణించే మాటను ఒక్కరికే కట్టబెట్టడానికి చట్టం మామూలుగా ఒప్పుకోదు. సొంత పేరు నమ్మకం కలిగిస్తుంది, కానీ రేపు పనిలో భాగస్వామి చేరితే ఇబ్బంది. నా ఓటు రెండు మూడు అక్షరాల తెలుగు మాటకు, పలకడానికి తేలిగ్గా, మీ సరుకుతో నేరుగా సంబంధం లేనిదానికి. తెలుగులో రాసి, కింద చిన్నగా ఇంగ్లిష్ అక్షరాల్లో. హైదరాబాద్‌లో కస్టమర్ల సగం సంభాషణ హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది, వాళ్లు ఫోన్‌లో వెతకగలగాలి.

లోగోకు ఖర్చు పెట్టేముందు ఆ మాటను ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకండి. అక్కడ సరుకులను క్లాసులుగా విడగొట్టారు, కాగితం, స్టేషనరీ 16వ క్లాసులోకి వస్తాయి. వ్యక్తులకు, ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు క్లాసుకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. మన దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. ఒక్క దరఖాస్తుకే డబ్బుంటే లోగో కాదు, మాటకే చేయండి. లోగో రెండేళ్లకు మారుతుంది, మాట ఏ అక్షరశైలిలో రాసినా మీదే. దరఖాస్తు ఇచ్చాక టీఎం అని వేసుకోవచ్చు, వృత్తంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్టర్ అయ్యేదాకా వేయకూడదు, అది నేరం.

లేబుల్‌ను పుస్తకానికి అంటించకండి. చుట్టూ కాగితం పట్టీ వేయండి. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎన్ని ఉన్నాయి, అన్ని పన్నులతో ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్ ఉండాలని 2011 లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. అవన్నీ పట్టీ వెనక పడతాయి, ముందు వైపు మీ పేరు ఒక్కటే. కొన్నవాళ్లు పట్టీ తీసేస్తే చేతిలో శుభ్రమైన పుస్తకం మిగులుతుంది. షాపువాళ్లకు స్టిక్కర్ అవసరమూ ఉండదు. పట్టీలు స్క్రీన్ ప్రింటింగ్ చేయించాలంటే ఛత్తా బజార్‌లో ఒక పూట తిరగండి. శుభలేఖల ప్రెస్సులకు, ఉర్దూ కాలిగ్రఫీకి పేరున్న వీధి అది. చేతితో రాసిన అక్షరానికి విలువ తెలిసినవాళ్లతో మాట్లాడితే మీ పేరు ఎలా ఉండాలో మీకే తట్టవచ్చు.

పట్టీ మీద రాసే మాటల్లో నిజం తప్పకూడదు. మిల్లు కాగితాన్ని చేతితో కుడితే “చేతితో కుట్టినది” అనండి. సంగానేర్ నుంచో పుదుచ్చేరి నుంచో తెప్పించిన చేతికాగితమైతే ఆ ఊరి పేరు వేయండి. పోచంపల్లి ఇకత్, చేర్యాల చిత్రాలు భౌగోళిక గుర్తింపు ఉన్న పేర్లు. ఇకత్ లాంటి డిజైన్ అచ్చు వేసిన బట్టకు పోచంపల్లి పేరు పెట్టడం ఆ మగ్గం మీద బతికేవాళ్ల కూడు లాక్కోవడమే. నేతన్నల దగ్గరో సొసైటీ దగ్గరో కొని బిల్లు దాచుకోండి.

పన్ను దగ్గర ఒక మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్‌ల మీద జీఎస్టీ సున్నా. డైరీల మీద 18 శాతం అలాగే ఉంది. తేదీలు అచ్చు వేసి 500కు అమ్మిన డైరీలో రిజిస్టరైనవాళ్లకు దాదాపు 76 రూపాయలు పన్నుకే పోతుంది. తేదీలు లేని పుస్తకంగా చేస్తే రేటు తట్టుకుంటుంది, జనవరి దాటాక సరుకు మిగిలిపోదు కూడా. అయితే పన్ను లేని సరుకు కోసం కొన్న బట్ట, అట్టల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, దాన్ని ఖర్చులోనే కలుపుకోవాలి. మీ సరుకు ఏ జీఎస్టీ కోడ్ కిందకు వస్తుందో ఆడిటర్‌ను ఒకసారి అడిగి బిల్లు పుస్తకం మొదలుపెట్టండి.

ఇక మొదటి షాపు. బ్యాగులో మూడు రకాలకు మించి పెట్టుకోకండి: కవర్ల ప్యాకెట్, జేబు పుస్తకం, ఎ5 నోట్‌బుక్. ఒక్క పేజీలో ఫొటోలు, షాపు రేటు, ఎమ్మార్పీ, కనీస ఆర్డర్, ఎన్ని రోజుల్లో ఇస్తారో రాసి ఉంచండి. జనం ముట్టుకుని చూడడానికి ఒక నమూనా పుస్తకం మీ తరఫున ఉచితం. అయినా చాలాచోట్ల వినపడే మాట ఒకటే: “మేడం, ఓ ఇరవై పీసులు పెట్టి పోండి, అమ్ముడైతే డబ్బులిస్తం.” కాదని వచ్చేయకండి, సరేనని పెట్టి రాకండి. “అన్నా, ఇరవై వద్దు, పది కవర్ల ప్యాకెట్లే తీసుకోండి, డబ్బు ఇప్పుడే ఇవ్వండి. అరవై రోజుల్లో కదలనివి బాగున్న స్థితిలో ఉంటే డబ్బు వెనక్కివ్వను గానీ వేరే డిజైన్‌తో మార్చిస్తాను” అనండి. అన్నకు రిస్కు తగ్గుతుంది, మీ డబ్బు మీ దగ్గరుంటుంది, ఏ డిజైన్ కదల్లేదో రెండు నెలల్లో తెలుస్తుంది.